స్కానర్‌లో ముప్పై ఒకటి

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, కోయంబత్తూరు గణపతిలోని మరుదాచలం మేస్త్రీ షెడ్డులో ఒక జాకీ ఒరిగింది. దాని మీదున్న కారు మేస్త్రీ గుండెల మీద కూర్చుంది. పక్క దుకాణాల వాళ్లు పరుగెత్తుకొచ్చి కారు ఎత్తేసరికే అంతా అయిపోయింది.

పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. రాసుకోవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. కానీ ముప్పై ఏళ్లుగా జాకీ పక్కన చెక్క దిమ్మ పెట్టనిదే కారు కింద తల పెట్టని మనిషి ఆయన. ఆ దిమ్మ ఆ రోజు మూలన, దాని చోటులో బుద్ధిగా కూర్చుని ఉంది.

సాయంత్రం ఐదింటికి అవినాశి రోడ్డులోని ఒక నూలు కంపెనీ వెనక గదిలో, బల్ల మీద ఒక ఫోటో పడింది. ఆ కంపెనీ నూలు అమ్మగా చూసినవాళ్లు ఇంతవరకూ లేరు. ఫోటోలో సిమెంటు గోడ, గోడ మీద సుద్దముక్కతో రాసిన పనుల జాబితా ఉన్నాయి.

"చివరి వరస చదువు తమ్ముడూ," అన్నాడు చీఫ్ నాచిముత్తు, వేరుశనగ చిక్కీ కొరుకుతూ.

ఏజెంట్ కార్మేగం చదివాడు. ముందు ఒక కారు నంబరు. తర్వాత: 'నల్ల పొగ. గాలి సెన్సర్. స్కానర్ 31. చేతిలో.' పై వరసలన్నిటికీ చివర టిక్కులున్నాయి. దీనికి లేదు.

"మనవాళ్లు రెండు గంటలుగా బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. ముప్పై ఒకటో తారీఖా? లాకర్ నంబరా? చేతిలో ఏముంది?"

కార్మేగం ఫోటోను దగ్గరికి లాక్కున్నాడు. ఆ చేతిరాత అతనికి తెలుసు. కాలేజీ సెలవుల్లో నాలుగేళ్లు ఆ గోడ ముందు నిలబడే పని నేర్చుకున్నాడు. తప్పు చేస్తే మేస్త్రీ తిట్టేవాడు కాదు. "సరేనండి, మళ్లీ విప్పండి" అనేవాడు. ఆ 'అండి' చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలేది. కోయంబత్తూరు చుట్టుపక్కల కొంగునాడులో కోపానికి కూడా మర్యాద తప్పదు.

"సెన్సర్ చేతిలో ఉంది సార్," అన్నాడు చివరికి.

"ఉంటే?"

"ఇంజిన్ పీల్చే గాలి ఎంత వేడిగా ఉందో కంప్యూటర్‌కి చెప్పేది అదే. గాలి చల్లగా ఉందంటే కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. వేడిగా ఉందంటే తగ్గిస్తుంది. సెన్సర్ ఊడబీకితే తీగ తెగినట్టే. అప్పుడు స్కానర్‌లో మైనస్ నలభై రావాలి. మేస్త్రీ ఊడబీకి చేతిలో పట్టుకున్నాడు. స్కానర్ మాత్రం చక్కగా ముప్పై ఒకటి అంటోంది."

"అంటే?"

"దాని బదులు ఇంకెవరో మాట్లాడుతున్నారు సార్. ఆ తీగలో కూర్చుని."

నాచిముత్తు నమలడం ఆపేశాడు. లేచి తలుపు గడియ పెట్టి వచ్చాడు.

"ఆ కారు డాక్టర్ అంబలవాణన్‌ది. నేవీ రహస్య సందేశాలకు ఆయన కొత్త తాళం కట్టాడు. తాళంచెవి కాగితం మీద లేదు, ఆయన బుర్రలో ఉంది. రేపు పదకొండింటికి కూనూర్‌లో అధికారుల ముందు దాన్ని తెరిచి చూపించాలి. 'వింటర్' ముఠా ఆరు నెలలుగా ఆయన చుట్టూ తిరుగుతోంది."

"కారు మార్చేద్దాం."

"కారు మారిస్తే వాళ్లు ప్లాను మారుస్తారు. ఈ ప్లాను వాసనైనా మనకు తగిలింది. పైగా ముసలాయన ఆ కారు తప్ప ఇంకోటి ఎక్కడు." చీఫ్ రెండు ఫోటోలు తోశాడు. "ఈ మధ్యాహ్నం షెడ్డుకు వచ్చినవాళ్లు ఇద్దరే. ఇతను సెంగోడన్, డాక్టర్ డ్రైవరు, చేరి మూడు నెలలు. ఊరు గోబి. కాగితాలు శుభ్రం. కారు షెడ్డులో వదిలి, ఆ టైముకి మెస్‌లో భోంచేస్తున్నానన్నాడు. ఈవిడ నళాయిని."

రెండో ఫోటో చూడాల్సిన పని లేదు. మూడుసార్లు ర్యాలీ ఛాంపియన్. ఆ నల్ల కళ్లద్దాలు, ఆ ఎర్ర జాకెట్ ఎక్కని పత్రిక లేదు.

"తన ర్యాలీ కారు చూపించడానికి వెళ్లానంది. రేపు డాక్టర్ వెనక ఎస్కార్టు కారు నడిపేది ఈవిడే. మన మనిషి. వింటర్‌కు కూడా మనిషే. వాళ్లను బుట్టలో వేస్తున్నానని మనకు చెబుతుంది. వాళ్లకు ఏం చెబుతుందో దేవుడికి తెలియాలి."

"కోడ్?"

"శత్రువు పక్కనే ఉన్నాడని తెలిస్తే 'సెల్సియస్సా, ఫారన్‌హీటా?' అని అడుగు. 'మైనస్ నలభైలో రెండూ ఒకటే' అంటే వస్తున్నానని అర్థం." చీఫ్ మళ్లీ చిక్కీ అందుకున్నాడు. "వస్తుందా లేదా అన్నది వేరే సంగతి."

ల్యాబు వాళ్లు రెండు సామాన్లిచ్చారు. ఒకటి స్కానర్. రెండోది పదమూడో నంబర్ స్పానర్. పిడి చివర నొక్కితే మత్తు సూది బయటికొస్తుంది. కార్మేగం మూడోది తనే సంపాదించుకున్నాడు. టౌన్‌హాల్ దగ్గర పాత రేడియోలు బాగుచేసే అతన్ని అడిగి, అగ్గిపుల్ల తలంత రెసిస్టర్ ఒకటి జేబులో వేసుకున్నాడు.

*

తెల్లారి ఆరింటికి రేస్ కోర్స్ రోడ్డులో మార్గళి నెల చలి ఇంకా వదల్లేదు. డాక్టర్ బంగళా ముందు ముగ్గు సగంలో ఉంది. ఖాకీ చొక్కా, అతికించిన మీసం, గోళ్ల సందుల్లో నిజమైన గ్రీజు — మరుదాచలం షెడ్డు నుంచి వచ్చిన మెకానిక్‌గా కార్మేగం లోపలికి వెళ్లాడు.

డ్రైవర్ సెంగోడన్ కారు తుడుస్తున్నాడు. నుదుట విభూతి, భుజాన తువ్వాలు, నోటినిండా గోబి యాస.

"ఏమండి మేస్త్రీ, ఆ గాలి సెన్సర్ ఇప్పటికి రెండుసార్లు మార్చారండి. మీరు మూడోది తగిలించిపోతారాండి?"

"చూస్తేనే కదండీ తెలిసేది. ఇంజిన్ ఆన్ చేశారా?"

"లేదండి. నిన్నట్నుంచి ముట్టుకోలేదండి."

"మంచిపని చేశారండి."

మరుదాచలం పద్ధతి అదే. ఇంజిన్ రాత్రంతా చల్లారాక, స్టార్ట్ చేయకముందే చూడాలి. కార్మేగం పాత పాదరసం థర్మామీటర్‌ని గ్యారేజి మేకుకు తగిలించి, స్కానర్ తీగను స్టీరింగ్ కింద గుచ్చాడు. మేకు మీద ఇరవై రెండు. ఇంజిన్ నీళ్లు ఇరవై రెండు. పీల్చే గాలి ఇరవై రెండు. 'మూడూ ఒకే మాట చెప్పాలండి' అనేవాడు మేస్త్రీ. 'ఒకటి వేరే మాట చెప్పిందా, అక్కడుంది రోగం.'

మూడూ ఒకే మాట చెబుతున్నాయి. ఇక్కడే రెండుసార్లు రెండు షెడ్ల వాళ్లు మోసపోయారు.

"సెంగోడా! పెట్టె దింపు!" లోపల్నుంచి డాక్టర్ కేక. డ్రైవరు పరుగెత్తాడు.

కార్మేగం గాలి గొట్టం పక్కనున్న సెన్సర్ కనెక్టర్ పట్టుకుని లాగాడు. టక్కున ఊడింది. స్కానర్ వైపు చూశాడు. ఇరవై రెండు. పది లెక్కపెట్టాడు. ఇరవై రెండే.  నిన్న ఇదే చోట, ఇలాగే కనెక్టర్ పట్టుకుని మేస్త్రీ నిలబడి ఉంటాడు. ఎవరో వెనక నుంచి చూస్తూ ఉంటారు.

వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

తీగ పట్టుకుని వేళ్లతో తడుముకుంటూ పోయాడు. కంపెనీవాళ్లు చుట్టిన టేపు గుడ్డది, గరుకుగా ఉంటుంది. బ్యాటరీ వెనక ఒక జానెడు మేర నున్నగా తగిలింది. విప్పితే చిక్కుడు గింజంత నల్ల పెట్టె. ఇటు సెన్సర్ తీగలు లోపలికి, అటు కంప్యూటర్ తీగలు బయటికి. సెన్సర్ చెప్పిన చివరి అంకెను పట్టుకుని అదే పాట పాడుతుంది. ఎవరైనా కారులోంచో బయటినుంచో బటన్ నొక్కితే మైనస్ ముప్పై అంటుంది. మంచుకొండ మీదున్నామనుకుని కంప్యూటర్ పెట్రోలు కుమ్మరిస్తుంది. నల్ల పొగ, ప్లగ్గులు తడి, బండి ఆగిపోతుంది. హెచ్చరిక లైటు కూడా వెలగదు. పోయిన ఆదివారం డాక్టరును చిరాకు పెట్టిన పొగ, వాళ్లు చేసుకున్న రిహార్సల్.

పెట్టెను పీకేస్తే అవతలివాళ్లకు తెలిసిపోతుంది. అందుకని దాన్ని అక్కడే ఉంచి, కంప్యూటర్ వైపు తీగలు మాత్రం కత్తిరించాడు. ఆ రెండు కొసలకూ రేడియో రెసిస్టర్ ముడివేశాడు. స్కానర్ మీద ఇరవై వచ్చి నిలబడింది. ఇక ఆ పెట్టె గొంతు చించుకున్నా ఇంజిన్‌కు వినపడదు. సెన్సర్ కనెక్టర్ మళ్లీ తగిలించి, టేపు చుట్టడం పూర్తయిందో లేదో, వెనక మల్లెపూల సెంటు వాసన వచ్చింది.

"మేస్త్రీ, కాఫీ తాగారా?"

నళాయిని. నల్ల కళ్లద్దాలు తల మీదికి తోసుకుని, ఇంజిన్ వైపు కాదు, అతని వేళ్ల వైపు చూస్తోంది.

"తాగానమ్మా."

ఆమె కారు మీదికి వంగి గొంతు తగ్గించింది. "పదో మలుపు దగ్గర నన్ను వెనకబడమన్నారు."

"ఎవరు?"

"అటువైపు వాళ్లు. ఎందుకో చెప్పలేదు. కారులో వాళ్ల మనిషి ఒకడుంటాడట. ఎవరో అదీ చెప్పలేదు."

"నాకెందుకు చెప్తున్నారు?"

"మరుదాచలం నా కారుకు పదేళ్లు ప్రాణం పోశాడు." కళ్లద్దాలు మళ్లీ కిందికి దిగాయి. "నమ్మకపోతే నీ ఇష్టం."

ఆమె వెళ్లిపోయింది. కార్మేగం నమ్మాడా అంటే నమ్మలేదు. నమ్మలేదా అంటే అదీ కాదు. చీఫ్‌కు మాత్రం రెండు మాటలు పంపాడు: 'పదో మలుపు.'

*

డాక్టర్ అంబలవాణన్ వెనక సీట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. వయసు అరవై ఎనిమిది, కోపం అంతకు పదేళ్లు పెద్దది.

"మెకానిక్ కూడా వస్తాడా? ఎందుకు? దారిలో నాకు పాట పాడడానికా?"

"పొగ మళ్లీ వస్తే చూస్తానండి."

"వస్తే నిన్నే తోయమంటాను. ఎక్కు."

మేట్టుపాళయం దాటి కల్లార్ దగ్గర కొండ మొదలైంది. ముందు సీట్లో కార్మేగం ఒళ్లో స్కానర్ పెట్టుకున్నాడు. అద్దంలో నళాయిని తెల్ల కారు, రెండు బండ్ల దూరంలో కుదురుగా వస్తోంది. సెంగోడన్ మలుపులు బాగా తీస్తున్నాడు. కాగితాలు గోబి అంటున్నాయి. నాలుక గోబి అంటోంది. మరి కారులో వాళ్ల మనిషి ఎవరు? నళాయిని అబద్ధమాడిందా?

బర్లియార్‌లో పండ్ల దుకాణాలు, కోతులు వెనక్కి పోయాయి. అయిదో మలుపు తిరిగింది.

"సెంగోడా, నీ కూతురికి ఒళ్లు బాలేదన్నావు, ఎలా ఉంది?" డాక్టర్ కళ్లు తెరవకుండానే అడిగాడు.

"నిన్న సాయంత్రం ముప్పై తొమ్మిదిన్నర జ్వరమండి. పొద్దునకు తగ్గిందండి."

"ఊఁ," అన్నాడు డాక్టర్. ఆయన సగం నిద్రలో ఉన్నాడు.

కార్మేగం నిద్రలో లేడు. ఎక్కడో ఏదో గుచ్చుకుంది. ఈ దేశంలో ఎండను సెల్సియస్‌లో చెబుతారు. ఇంజిన్‌ను సెల్సియస్‌లో చెబుతారు. జ్వరాన్ని మాత్రం కన్నతల్లి దగ్గర్నుంచి కాంపౌండర్ వరకూ నూటి పైన ఎంతో చెబుతారు. గోబిలో ముప్పై తొమ్మిదిన్నర జ్వరం వచ్చిన పిల్ల ఇంతవరకూ పుట్టలేదు.

అతను కిటికీలోంచి కొండను చూస్తూ, ఊసుపోక అడిగినట్టు అడిగాడు.

"నూటి పైన ఎంతన్నా?"

సెంగోడన్ స్టీరింగ్ తిప్పాడు. ఆరో మలుపు మొదలై, సాగి, ముగిసింది.

"నూట... మూడండి."

లెక్క సరిగ్గానే వచ్చింది. కానీ కూతురి జ్వరం చెప్పడానికి ఏ తండ్రీ గుణకారం చేయడు. మూడింట్లో ఒకటి వేరే మాట చెప్పింది. కాగితాలు కాదు, నాలుక కాదు, జ్వరం.  షెడ్డులో ఆ మూలనున్న చెక్క దిమ్మ కళ్లముందు మెదిలింది. ఈ స్టీరింగ్ తిప్పుతున్న చేతులే జాకీని పడదోశాయి. అక్కడికక్కడే గొంతు పట్టుకోవాలనిపించింది. పక్కన లోయ ఉంది, వెనక ముసలాయన ఉన్నాడు. పళ్లు బిగబట్టాడు.

ఫోన్ తీశాడు. మామూలు గొంతుతోనే మాట్లాడాడు.

"మేడమ్, నేను మెకానిక్‌నండి. మీ దగ్గరున్న మీటరు సెల్సియస్సా, ఫారన్‌హీటా?"

ఫోన్ చెవికి ఆనించే ఉంచాడు. ఏడో మలుపు. ఎనిమిదో మలుపు. సెంగోడన్ ఒకసారి ఇటు చూశాడు.

"మైనస్ నలభైలో రెండూ ఒకటే కదయ్యా," అంది నళాయిని. ఫోన్ పెట్టేసింది.

తొమ్మిదో మలుపు తిరుగుతూ కార్మేగం అద్దంలోకి చూశాడు. తెల్ల కారు చిన్నదవుతోంది. ఇంకా చిన్నదయింది. తర్వాత కనిపించలేదు. ఆమె వెనకబడిపోయింది.

సరే, ఇక ఒంటరిగానే అనుకుని చొక్కా లోపలి స్పానర్‌ను పట్టుకున్నాడు.

పదో మలుపు. బయటి అంచున ఒక అంబులెన్స్ ఆగి ఉంది. దాని వెనక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఇద్దరు తెల్లకోట్ల వాళ్లు తీరిగ్గా నిలబడి ఉన్నారు, ఎవరికో దెబ్బ తగలబోతోందని ముందే తెలిసినట్టు.

సెంగోడన్ చేయి ప్రమాద సూచిక లైట్ల బటన్ మీదికి వెళ్లింది. మూడుసార్లు నొక్కాడు. ఇంజిన్ హాయిగా మోగుతోంది. మళ్లీ మూడుసార్లు నొక్కాడు. స్కానర్ మీద ఇరవై కదల్లేదు. సెంగోడన్ బానెట్ వైపు బిత్తరపోయి చూశాడు. బండి ఆగిపోతే కంగారుపడే డ్రైవర్లను కార్మేగం చాలామందిని చూశాడు. ఆగలేదని కంగారుపడేవాణ్ణి చూడడం ఇదే మొదటిసారి.

"ఏమన్నా, ఇంజిన్ మాట వినలేదా?"

సెంగోడన్ బ్రేకు తొక్కాడు. కారు మలుపు మధ్యలో కీచుమని ఆగింది. సీటు కిందినుంచి వచ్చిన చేతిలో పిస్టల్ ఉంది. దాని మూతి తిన్నగా వెనక సీటు వైపు తిరిగింది. మోచేయి కార్మేగం దవడకు తగిలింది. స్పానర్ జారి కాళ్ల దగ్గర పడింది.

"కదిలితే ముసలాడు పోతాడు," అన్నాడు సెంగోడన్. ఇప్పుడు ఆ గొంతులో 'అండి' లేదు.

తెల్లకోట్ల వాళ్లు పరుగెత్తుకొస్తున్నారు. పది అడుగులు. ఎనిమిది.

అప్పుడు కింద మలుపులోంచి ఇంజిన్ మోత ఒకటి ఎగబాకుతూ వచ్చింది. పరుగు తీయడానికి నాలుగడుగులు వెనక్కి వేసే మనిషిలా, నళాయిని కారు ఆ దూరం కోసమే వెనకబడింది. వచ్చి బంపర్‌కు బంపర్ ఆనించి గుద్దింది.

పిస్టల్ పేలింది. గుండు పైకప్పులోంచి పోయింది. కార్మేగం కిందికి వంగి, స్పానర్ అందుకుని, పిడి నొక్కి సెంగోడన్ మెడలో దించాడు. సెంగోడన్ కళ్లు తేలేశాడు. బ్రేకు మీది కాలు జారిపోయింది. కారు లోయ వైపు వెనక్కి దొర్లసాగింది. ఎడమ వెనక చక్రం అంచు దాటింది. కింద రాళ్లు జారి, చాలాసేపటికి గాని వాటి చప్పుడు వినిపించలేదు.

నళాయిని పక్కకు తప్పుకుని ఉంటే ఆమె కారుకు ఏమీ అయ్యేది కాదు. ఆమె తప్పుకోలేదు. తన కారు ముక్కును అడ్డం పెట్టి, టైర్లు పొగలు కక్కుతుంటే పైకి నెట్టింది. కార్మేగం హ్యాండ్‌బ్రేక్ లాగి, రెండు చేతులా పట్టుకుని వేలాడాడు. చక్రం మళ్లీ రోడ్డెక్కింది.

తెల్లకోట్ల వాళ్లు అంబులెన్స్ వైపు తిరిగారు. కూనూర్ వైపు నుంచి దిగిన తేయాకు లారీ ఒకటి అప్పటికే దాని ముందు అడ్డంగా నిలబడి ఉంది. లారీలోంచి తేయాకు దిగలేదు, నాచిముత్తు మనుషులు పన్నెండు మంది దిగారు.

 వెనక సీట్లో డాక్టర్ పైకప్పుకు పడిన చిల్లును చూశాడు. ముందు సీట్లో గురకపెడుతున్న డ్రైవరును చూశాడు. ముక్కు ఎగబీల్చాడు.

"పెట్రోలు వాసన పోయిందయ్యా. ఈ షెడ్డు వాళ్లకే పని వచ్చు అని నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను."

కార్మేగం కారు దిగాడు.  నళాయిని చితికిన బంపర్ మీద కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటోంది. ఒక అద్దం పగిలింది.

"వెనకబడితే, పోయావనుకున్నాను," అన్నాడు.

"వెనకబడమన్నారుగా. వాళ్ల మాటా దక్కించాను." ఆమె పగిలిన అద్దాన్నే పెట్టుకుంది. "మేస్త్రీని చంపింది వీడేనా?"

"వీడే."

ఆమె తల తిప్పుకుని లోయలోకి చూసింది. భుజాలు రెండుసార్లు కదిలాయి. కార్మేగం ఆమె పక్కన కూర్చున్నాడు. పెట్టుడు మీసం ఎప్పుడో ఊడిపోయిందని అప్పుడు గమనించాడు.

"పద, ముసలాయన్ని నేను తీసుకెళ్తాను. పదకొండింటికి ఇంకా టైముంది," అంది ఆమె లేచి.

*

మర్నాడు పొద్దున గణపతిలో షెడ్డు తలుపు తీశారు. మరుదాచలం భార్య సెల్లమ్మాళ్ దీపం వెలిగించి బయట అరుగు మీద కూర్చుంది. కార్మేగం గోడ ముందు నిలబడ్డాడు. ఏ పనైనా పూర్తయితే మేస్త్రీ రోగం ఏమిటో, ఏం మార్చారో రాసి పక్కన టిక్కు పెట్టేవాడు. పెట్టేవరకూ భోజనానికి లేచేవాడు కాదు. ఆ రోజు భోజనం చేయకుండానే పోయాడు.

జేబులో ఫోన్ మోగింది. చీఫ్.

"తమ్ముడూ, ఢిల్లీకి రిపోర్టు పంపాలి. ఇంతకీ ఆ కారులో పాడయిందేమిటి? నాకు అర్థమయ్యేట్టు ఒక్క ముక్కలో చెప్పు."

"ఒక్క నిమిషం సార్, రాస్తున్నాను."

కిటికీలో సుద్దముక్క దొరికింది. చివరి వరసలో 'చేతిలో' అన్న మాట పక్కన, మేస్త్రీ అక్షరాలకు ఆనేంత దగ్గరగా రాసి టిక్కు పెట్టాడు. కళ్లు మసకబారాయి, అయినా వరస వంకరపోలేదు. రాసిందే ఫోన్‌లో చదివాడు.

"సెన్సర్ మంచిదేనండి. డ్రైవరును మార్చాం."